ముఖలింగం గోడల నుంచి చందమామ సీరియల్ దాకా

1880లో పర్లాకిమిడి రాజావారి బడికి కొత్త మాస్టరు వచ్చాడు. జీతం ముప్పై రూపాయలు. చెప్పాల్సింది ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర. మాస్టరుకి అప్పటికి పదిహేడేళ్ళు నిండాయో లేదో. మెట్రిక్యులేషన్ పాసై ఏడాదే అయింది. పన్నెండో ఏట తండ్రిని జ్వరం తీసుకుపోతే, విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు బడిలో ఎలాగో చదువు ముగించాడు. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. ఈ కుర్రవాడి పేరు గిడుగు వెంకట రామమూర్తి. సొంతూరు వంశధార ఒడ్డున శ్రీముఖలింగం పక్కనే ఉన్న పర్వతాలపేట.

ఆ రోజుల్లో చరిత్ర మాస్టరుకి పెద్ద కష్టం ఉండేది కాదు. పుస్తకంలో ఢిల్లీ సుల్తానులుంటారు, ఇంగ్లండు రాజులుంటారు. వాళ్ళ పేర్లూ తారీఖులూ పిల్లల చేత వల్లె వేయించి, పరీక్షలో రాయిస్తే జీతం చేతికొస్తుంది. మన మాస్టరుకి మాత్రం అక్కడే చిక్కుముడి పడింది. కళింగం మీద దండెత్తిన వాళ్ళ పేర్లు పుస్తకంలో ఉన్నాయి గానీ కళింగాన్ని ఏలిన వాళ్ళ ఊసు లేదు. ముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి కట్టిందెవరు? పక్కనున్న భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు ఎప్పటివి? ఊళ్ళో అడిగితే కథలు చెబుతారు. ఇప్పచెట్టులోంచి శివుడు ముఖం చూపించాడంటారు. గర్భగుడిలో ద్వారం కన్నా పెద్ద మట్టి గోలెం ఉంది, అది లోపలికి ఎలా వెళ్ళిందో ఆ శివుడికే తెలియాలంటారు. అవి బాగుంటాయి, కానీ పరీక్షలో రాయడానికి పనికిరావు.

సమాధానం గుడి గోడల మీదా స్తంభాల మీదా చెక్కి ఉంది. వరసలు వరసలుగా అక్షరాలు. తెలుగు అక్షరాలే, తెలుగు వాడికి అంతుపట్టని అక్షరాలు. దర్శనానికి వచ్చినవాళ్ళు వాటికి చేతులానించి ప్రదక్షిణం చేసి వెళ్ళిపోయేవారు. చదివేవాడు లేడు.

రామమూర్తి చదవాలనుకున్నాడు.

చెప్పడానికి తేలికే. ఈ విద్య నేర్పే గురువు మన్యం అంచునున్న పర్లాకిమిడిలో ఎక్కడ దొరుకుతాడు? దక్షిణ దేశపు ప్రాచీన లిపుల మీద బర్నెల్ దొర రాసిన పుస్తకం 1874లో మంగుళూరులో అచ్చయింది. శాసనాలను ప్రభుత్వం తరఫున వెతికి అచ్చు వేయించే పని ఇంకా మొదటి అడుగుల్లోనే ఉంది. తొమ్మిది వందల ఏళ్ళ నాటి అక్షరం ఇప్పటి అక్షరంలా ఉండదు. తలకట్టు వేరు, గుడి మెలిక వేరు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. కొన్నిచోట్ల రాయి పెచ్చులూడిపోయింది, ఇంకొన్నిచోట్ల దీపాల నూనె, పసుపు, సున్నం కలిసి పేరుకుపోయాయి. తెలిసిన ఒక అక్షరాన్ని పట్టుకుని పక్కదాన్ని ఊహించాలి. ఆ ఊహ నిజమో కాదో పది గజాల అవతల ఇంకో శాసనంలో సరిచూసుకోవాలి. సరిపోకపోతే మళ్ళీ మొదటికి రావాలి. రామమూర్తి ఈ పని స్వయంకృషితో చేశాడు. బడి పని బడిలోనే ఉంది. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలకు ప్రైవేటుగా చదువుకోవడం దాని పక్కనే ఉంది.

అక్షరం కూడినంత మాత్రాన అర్థం దొరకదు. ఈ ప్రాంతపు గంగరాజుల రాగిరేకుల్లో ఒక ముడి చూడండి. వజ్రహస్తుడనే రాజు పట్టాభిషేకం ఎప్పుడో చెప్పాల్సిన చోట అంకె కనిపించదు, సంస్కృతంలో మూడు మాటలు కనిపిస్తాయి. ఆకాశం, ఋతువులు, నిధులు. ఆకాశం శూన్యం కనుక సున్నా. ఋతువులు ఆరు. నిధులు తొమ్మిది. వచ్చిన అంకెలను వెనక నుంచి ముందుకు చదవాలి. 960. అది శక సంవత్సరం, దానికి 78 కలిపితే 1038. సినిమాలో నిధి పటం మీద రాసిన గుప్తసందేశం కూడా ఇంత చక్కగా ఉండదు. తేడా ఒక్కటే, ఇది నిజంగా జరిగిన పట్టాభిషేకం.

ముఖలింగం శాసనాల్లో సగానికి సగం చిన్న విషయాలే. ఫలానా వాళ్ళు ఫలానా రోజున దేవుడికి అఖండ దీపం పెట్టారు, దానికి ఇన్ని మాడలు ఇచ్చారు, ఈ ధర్మాన్ని చెరిపినవాడికి ఫలానా పాపం. అంతే. కానీ ఆ చిన్న విషయాల్లో రాజుల పేర్లున్నాయి, ఏలుబడి లెక్కలున్నాయి. వాటిని వరసగా పేర్చుకుంటూ పోతే గంగవంశం పుట్టిపెరిగిన తీరు కనబడుతుంది. 1078లో పట్టాభిషిక్తుడై డెబ్బై ఏళ్ళ దాకా ఏలిన అనంతవర్మ చోడగంగు ఈ గోడల మీద మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. పూరీ జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టిన రాజు ఆయనే. ఫస్టు ఫారం పుస్తకంలో ఆయన లేడు.

అప్పట్లో పండితులను వేధిస్తున్న ఇంకో ప్రశ్న ఉంది. తూర్పు గంగరాజులు తమ రాగిరేకుల్లో చాలావాటిని కళింగనగరం నుంచి ఇచ్చామని చెప్పుకున్నారు. ఆ నగరం ఎక్కడ? పేరు పోలికను బట్టి, వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నమే అయి ఉంటుందని అనుకునేవారు. రామమూర్తి దానికి ఒప్పుకోలేదు. చోడగంగు రాగిరేకుల్లో ఒక మాట ఉంది. ఆయన పూర్వీకుడు కామార్ణవుడు తన నగరంలో ఇప్పచెట్టు నుంచి వెలసిన శివలింగానికి గుడి కట్టించి, మధుకేశుడని పేరు పెట్టాడట. మధుకం అంటే ఇప్ప. ముఖలింగంలో స్వామి మధుకేశ్వరుడు. ఊళ్ళో ముసలమ్మలు చెప్పే కథా ఇప్పచెట్టు కథే. పొలిమేరలో ఆనుకుని ఉన్న పల్లె పేరు నగరికటకం. ఇంకేం కావాలి! పేరుమోసిన పండితులు పటం ముందేసుకుని వెతికితే దొరకనిది, అక్కడే పుట్టి పెరిగిన వాడికి దొరికింది. నడగాం అనే ఊళ్ళో బయటపడ్డ వజ్రహస్తుడి రాగిరేకులను చదివి ఆయన రాసిన వ్యాసం 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో వచ్చింది. కళింగనగరం ముఖలింగమేనన్న మాట ఆ తరవాత గట్టిపడింది. ఒక జమీందారీ బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టరు, పెద్ద పెద్ద శాసన పండితుల సరసన అచ్చులో కూర్చున్నాడు.

ఆయన కథ ఇక్కడితో ఆగినా గొప్పదే. ఆగలేదు, ఎందుకంటే పర్లాకిమిడి సంతకి సవరలు దిగేవారు.

మన్యం కొండల మీద నుంచి సరుకు మోసుకుని వచ్చే సవరలకు బేరం మాటలు తప్ప తెలుగు రాదు, బేరగాళ్ళకు సవర రాదు. మోసం ఎవరికి సులువో చెప్పనక్కర్లేదు. వాళ్ళకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట తనకి రావాలని రామమూర్తి పట్టుబట్టాడు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. పుస్తకం ఒక్కటీ లేని భాష అది. వినాలి, రాసుకోవాలి, తిరిగి పలికి వాళ్ళు నవ్వితే దిద్దుకోవాలి. కొండలెక్కి తిరిగాడు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైను చెవులను దెబ్బతీసింది. భాష వినడం కోసం వెళ్ళినవాడికి వినికిడి పోయింది. ఇంత క్రూరమైన మలుపు ఏ నవలాకారుడైనా రాస్తే నమ్మబుద్ధి కాదంటాం. ఆయన మాత్రం పని ఆపలేదు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టి వాళ్ళ భాషలోనే చెప్పించాడు. ఆయన రాసిన సవర పుస్తకాలను మద్రాసు ప్రభుత్వం 1911లో అచ్చు వేయించి బహుమానం ఇవ్వబోతే, ఆ సొమ్ము నాకొద్దు, సవర బడులకి పెట్టండి అన్నాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం, ఆ తరవాత నిఘంటువూ వెలువడ్డాయి.

సవర పిల్లవాడు తన ఇంట్లో మాటని పుస్తకంలో చూసుకున్నప్పుడు వాడి ముఖం ఎలా వెలుగుతుందో ఆయన దగ్గరుండి చూశాడు. మరి తెలుగు పిల్లవాడి సంగతి?

తెలుగు పిల్లవాడికి ఆ భాగ్యం లేదు. బడిలో వాడి చేతికిచ్చే వచనం వ్యాకరణకర్త చిన్నయసూరి బాటలో నడిచే గ్రాంథికం. ఇంట్లో 'వచ్చాడు' అనేవాడు బడిలో 'వచ్చెను' అని రాయాలి. అరసున్నా మరిస్తే మార్కులు పోతాయి. కథ చదువుతుంటే కథ కనబడదు, సంధి కనబడుతుంది. అలాంటి చదువులో సంతోషం ఎక్కడిది? మాస్టర్లకీ లేదు, పిల్లలకీ లేదు. అయినా లోకమంతా అదే తెలుగనుకుంది.

ఈ ముడిని బయటపెట్టింది ఒక ఇంగ్లీషువాడు కావడం విచిత్రం. 1907లో జె. ఎ. యేట్స్ అనే ఆయన కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం నోట తెలుగు నేర్చుకున్నవాడు కనుక, బడి పుస్తకాల్లో ఉన్నది ఇంకో భాషలా తోచింది. ఎందుకిలా అని మాస్టర్లను అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయన్ను ఇద్దరి దగ్గరికి దారి పట్టించాడు. ఒకరు గురజాడ, రెండోవారు గిడుగు. పాతికేళ్ళ కిందట ఒక బెంచీ మీద కూర్చున్న పిల్లలిద్దరూ ఈసారి ఒకే పక్షాన నిలబడ్డారు.

మొదట్లో గెలిచినట్టే అనిపించింది. స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం వ్యావహారికంలో రాయొచ్చని 1912, 13ల్లో సడలింపు వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో పుస్తకం రాస్తే, 1913లోనే గిడుగు నేటి తెలుగు గురించి ఇంగ్లీషులో విజ్ఞాపన రాశాడు. సభలు, తీర్మానాలు, మహజర్లు. చివరికి 1914లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇచ్చిన సడలింపు పోయింది. ఆ మరుసటి ఏడు నవంబరులో గురజాడ కన్నుమూశాడు. చెవులు వినబడని, ఉద్యోగం నుంచి అప్పటికే విరమించిన యాభై రెండేళ్ళ మనిషి ఒక్కడే మిగిలాడు.

ముఖలింగం మళ్ళీ పనికొచ్చింది ఇప్పుడే. వాడుక మాట గ్రామ్యం, అపభ్రంశం, పెద్దలు రాయని భాష అని కదా అవతలివాళ్ళ వాదం? పెద్దలు ఏం రాశారో ఈయనకి తెలుసు. రాళ్ళ మీద చదివాడు, రాగిరేకుల మీద చదివాడు. శాసనాలు, కైఫీయతులు, పాత టీకలు, తాటాకు గ్రంథాల్లోని వచనం తెరిచి పెట్టి, ఈ వాడుక రూపాలు వందల ఏళ్ళ నాడే ఉన్నాయి చూడండన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. గ్రాంథికం తప్ప మాట్లాడమనే పండితుల పుస్తకాలే తీసుకుని, వాళ్ళు పెట్టుకున్న సూత్రాల ప్రకారమే వాళ్ళెన్ని తప్పులు చేశారో పట్టిక కట్టాడు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు పెట్టాడు దానికి. పేరులోనే చురక ఉంది. పండితులకే పట్టుబడని భాషను పదేళ్ళ పిల్లవాడికి ఎలా అంటగడతారు? దీనికి జవాబు కష్టమే. నాకు అనిపిస్తుంది, ఆ సభల్లో తన మీద పడ్డ వెక్కిరింతలు సగం చెవిన పడకపోవడం కూడా ఆయనకి కలిసొచ్చి ఉంటుందని.

1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టాడు, ఎక్కువకాలం నడవలేదు. అదే ఏడు రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. ఒకప్పుడు గ్రాంథికంలో పుస్తకాలు కుప్పపోసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడు, గిడుగు కార్యదర్శి. తరవాత మెల్లగా గోడ కదిలింది. 1924లో సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద నిషేధం తీసేసింది. ఆ తరవాత తాపీ ధర్మారావు 'జనవాణి'ని జనం భాషలోనే నడిపాడు. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడ్డ ఒడిశా రాష్ట్రంలోకి వెళ్ళడంతో, గిడుగు జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమండ్రి చేరాడు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకుల ముందు నిలబడి, పత్రికలు వాడుక భాషలో రాయాలని చివరి విన్నపం చేసుకున్నాడు. 22న పోయాడు.

ఆయన చూడని భాగం ఇంకా మజాగా ఉంటుంది.

1947 జులైలో మద్రాసు నుంచి 'చందమామ' వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టిన పిల్లల పత్రిక. పిల్లవాడు ఒక్క మాట దగ్గర కూడా ఆగిపోకూడదన్నది చక్రపాణి పట్టుదల. 1952లో చేరిన కొడవటిగంటి కుటుంబరావు ఆ పట్టుదలకి చేయూత ఇచ్చాడు. ఎవరి దగ్గర నుంచి వచ్చిన కథనైనా ఆయన తిరగరాసేవాడు. పొట్టి వాక్యం, ఇంట్లో మాట, ఎక్కడా పాండిత్యం కనబడదు. ముప్పై ఏళ్ళ కింద పరీక్షలో రాస్తే సున్నా వచ్చే తెలుగు అది!

ఆ ఏడే అక్కడికి ఇరవై ఏళ్ళ యువకుడు ఒకడు చేరాడు, దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికకి సీరియల్ కావాల్సి వచ్చింది. 1954లో 'తోకచుక్క' మొదలైంది. తరవాత 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', ఇలా పాతికేళ్ళ పాటు డజను. పేర్లు వింటేనే తెలుస్తోంది కదా సరుకు ఏమిటో. ప్రతి సంచికలో కొన్ని పేజీలు, 'చిత్ర' అనే చిత్రకారుడు వేసిన రంగుల బొమ్మలు. సరిగ్గా కొండ అంచున కాలు జారే చోటో, గుహలోంచి ఏదో అరిచే చోటో 'ఇంకా ఉంది'. నెల రోజులు ఆగాలి. ఆగలేక, పోస్టుమ్యాను వచ్చే దారిలో కాపు కాసిన పిల్లలు తెలుగునాట లెక్కకు మించి ఉన్నారు. అన్నదమ్ములు ముందెవరు చదవాలని కొట్టుకుంటే, తండ్రి లాక్కుని తానే ముందు చదివేసిన ఇళ్ళూ ఉన్నాయి.

ఇంకోవైపు నండూరి రామమోహనరావు అదే కాలంలో స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్'ని 'కాంచన ద్వీపం'గా, మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌ని, హకల్‌బెరీ ఫిన్‌ని తెలుగు చేశాడు. మిసిసిపీ నది పిల్లలు గోదారి గట్టున ఆడుకునే వాళ్ళలా మాట్లాడారు. వాళ్ళ చేత గ్రాంథికం మాట్లాడిస్తే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. హక్ తెప్ప మీద పడుకుని 'ఏతెంచితిని' అంటాడు!

దాసరి కథలో ఒక తమాషా ఉంది. చందమామ సీరియళ్ళ మీద రచయిత పేరు ఉండేది కాదు. లక్షల మంది పిల్లలు ఖడ్గవర్మతో, జీవదత్తుతో అడవులు తిరిగారు గానీ, వాళ్ళను అడవుల్లోకి తోసినవాడు ఎవరో తెలియకుండానే పెద్దవాళ్ళయ్యారు. ఉద్యోగాలొచ్చాయి, పిల్లలొచ్చారు, పుస్తకం చేతిలోంచి జారిపోయింది. ఇంటర్నెట్ వచ్చాక నడివయసులో ఉన్న ఈ పాత పాఠకులు ఒకరినొకరు కనుక్కున్నారు. అటకల మీది పాత సంచికలు దింపారు, స్కాన్ చేశారు, చినిగిన పేజీల కోసం దేశాంతరాల్లో ఉన్నవాళ్ళని అడిగారు. ఈ వెతుకులాటలోనే ఆ పేరు నలుగురి నోట పడింది. దాసరి 2010 జనవరిలో పోయాడు. ఆయన సీరియళ్ళు పుస్తకాలై దుకాణాల్లోకి వచ్చాయి. నలభై యాభై ఏళ్ళ వయసులో ఒకటి కొనుక్కుని, పిల్లల కోసమని ఇంట్లో చెప్పి, ఒక్క రాత్రిలో తామే పూర్తిచేసినవాళ్ళని నేను ఎరుగుదును. పెద్ద పెద్ద నవలలు సగంలో వదిలేసి, చదవడమే మానేశామనుకున్నవాళ్ళు వీళ్ళు. ఇది పిల్లల సరుకని ముఖం చిట్లించే విమర్శకులున్నారు. ఉండనివ్వండి. తెల్లవారేదాకా దీపం ఆర్పనివ్వని పుస్తకాన్ని నేను తక్కువగా చూడలేను.

మీ ఇంట్లో పుస్తకమంటే మొహం తిప్పేసే పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళుంటే 'శిథిలాలయం'తో మొదలుపెట్టమంటాను. అందులో శిఖిముఖి, విక్రమకేసరి అనే ఇద్దరు కుర్రాళ్ళు అడవులు పట్టి పోతారు. 'తోకచుక్క' తరవాత ఇవ్వొచ్చు, దాని నడక కొంచెం నిదానం. కాస్త పెద్దవాళ్ళకైతే 'కాంచన ద్వీపం'. మొదటి రెండు ప్రకరణాలు మీరే పైకి చదివి వినిపించి, మూడోది మొదలుపెట్టే ముందు ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోండి.